గుర్రం లేని నాడాలు

మొన్న చవితికి ముందురోజు సాయంత్రం, పొద్దున్నుంచీ వదలని ముసురులో గొడుగేసుకుని మట్టి వినాయకుడి కోసం సెంటర్‌కి వెళ్ళాను. రోడ్డు పక్కన నీలం పరదా కట్టుకుని ఒకాయన, పక్కన కొడుకు కాబోలు, అచ్చులో మట్టి కూరి, బొటనవేళ్ళతో అదిమి, అచ్చు విడదీసి గణపతిని బయటికి తీస్తున్నారు. నా ముందు ఐదారుగురున్నారు. పరదా అంచు నుంచి వాననీళ్ళు ధార కట్టి పక్కనున్న మట్టికుప్ప మీద పడుతున్నాయి. అక్కడ తగిలింది ఆ వాసన.

తొలకరికి నేల మీంచి లేచే వాసన కాదది. దాని గురించి అందరూ రాసేశారు. ఇది నానిన బంకమట్టి వాసన. కొంచెం చెరువు, కొంచెం ఇనుము, కొంచెం కొత్తకుండలో పోసిన నీళ్ళు.

"ఏ సైజియ్యమంటారు సార్?" అని ఆయన రెండుసార్లు అడిగితే గానీ నాకు వినపడలేదు. ఆ కాసేపూ నేను అమెరికాలో, అయోవా రాష్ట్రంలో ఉన్నాను.

*

వైటూకే రోజులవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తికమకపడి ఆగిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజులు. అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్న ప్రతివాడూ విమానం ఎక్కేస్తున్న కాలం. నన్ను తీసుకెళ్ళిన కన్సల్టెన్సీ డెమోయిన్‌లో పడేసింది. బీమా కంపెనీల ఊరు. పాత పాలసీల ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరం ఎక్కడుందో వెతికి నాలుగంకెలు చెయ్యడం నా ఉద్యోగం. చెప్పుకోడానికి గొప్పగా ఉండేది గానీ, బియ్యంలో రాళ్ళేరడానికీ దానికీ పెద్ద తేడా లేదు.

అద్దె తక్కువని ఊరికి నలభై నిమిషాల దూరంలో ఒక చిన్న ఊళ్ళో మేడ మీది వాటా తీసుకున్నాను. చుట్టూ కనుచూపుమేర మొక్కజొన్న, లేకపోతే సోయా. మధ్యలో మూడు చర్చిలు, ఒక పెట్రోలు బంకు, ఆకాశానికి నిచ్చెనేసినట్టు ధాన్యం గాదెలు, ఒక ఫైర్ స్టేషను. వెంకన్న దర్శనం కావాలంటే షికాగో పక్కన అరోరా దాకా ఐదు గంటలు కారు తోలాలి. సాయంత్రం ఆరుకి ఇల్లు చేరితే రాత్రి తొమ్మిది దాకా ఎండ. ఆ మూడు గంటలూ ఏం చెయ్యాలో తోచేది కాదు. అన్నం వండుకోవడానికి అంతసేపు పట్టదు కదా.

వెళ్ళిన రెండో వారమో, మూడో వారమో, కిటికీ తీసి కూర్చుంటే దూరం నుంచి ఒక చప్పుడు. టంగ్. కొంచెం ఆగి మళ్ళీ టంగ్. ఇనుము మీద ఇనుము. కొలిమేమో అనుకున్నాను. అమెరికాలో కొలిమేమిటి? చెప్పులేసుకుని ఆ చప్పుడు వెంట నడిచాను.

ఫైర్ స్టేషన్ వెనక ఖాళీ జాగాలో ఆరు జతల గుంటలు. ఒక్కో గుంట మధ్యలో, లేగదూడని కట్టేసే గుంజలా, పొట్టి ఇనప కడ్డీ. పది పన్నెండుమంది ముసలాళ్ళు, జేబులో ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో గుర్రపు నాడాలు విసురుతున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. వాళ్ళలో ఒకాయన నా ఇంటి ఓనరు, కింది వాటాలో ఒంటరిగా ఉండే పెద్దాయన. నా వైపు కాకుండా నా చెవి వైపు చూస్తూ, "పైన నడిచే చప్పుడు నీదేనా, కిడ్? రా" అన్నాడు.

చెవి వైపు ఎందుకు చూశాడో తరవాత తెలిసింది. ఆయన కళ్ళకి నడిమధ్య చూపు పోయింది. చుట్టూ అంచులు మాత్రం కనిపిస్తాయి. మన మొహం చూడాలంటే మన చెవిని చూడాలి.

*

ఈ ఆట చూస్తే ఇంత తేలికైంది లేదనిపిస్తుంది. గోళీలాడి పెరిగినవాణ్ణి, నాకొక లెక్కా అనుకున్నాను. మొదటి నాడా గడ్డిలో పడింది. రెండోది వెనక పలకకి తగిలి నా వైపే తిరిగొచ్చింది.

అవి నిజం గుర్రానికి కొట్టే నాడాలు కావు. వాటికన్నా పెద్దవి, ఆటకోసమే చేసినవి. ఒక్కోటి రెండున్నర పౌన్లు, అంటే కిలో పైమాటే. కడ్డీకీ కడ్డీకీ మధ్య నలభై అడుగులు. ఆడవాళ్ళకీ, పిల్లలకీ, డెబ్భై దాటిన మగవాళ్ళకీ ముప్పై. కడ్డీ నేల మీదికి పదిహేను అంగుళాలు లేస్తుంది, ఎదుటి కడ్డీకి దణ్ణం పెడుతున్నట్టు కాస్త ముందుకు వంగి ఉంటుంది. నాడా వెళ్ళి కడ్డీని చుట్టుకుంటే రింగర్, మూడు పాయింట్లు. చుట్టుకోకపోయినా ఆరంగుళాల లోపు పడితే ఒక పాయింటు. నువ్వూ రింగర్ వేసి నేనూ రింగర్ వేస్తే రెండూ చెల్లు, ఎవరికీ ఏమీ లేదు. దాన్ని "డెడ్" అంటారు.

దగ్గరగా పడితే లెక్కలోకొచ్చేవి రెండే, గుర్రపు నాడాలూ చేతిబాంబులూ అని వాళ్ళకో మాటుంది. ఆఫీసులో నేను "దాదాపు అయిపోయింది" అన్నప్పుడల్లా మా మేనేజరు ఇదే మాట అనేది. నాకు మొదట్లో అర్థంకాక నవ్వేవాణ్ణి. అర్థమయ్యాక నవ్వు మానేశాను.

అసలు కష్టం విసరడంలో లేదు, తిప్పడంలో ఉంది. నాడాకి ఒకవైపే నోరు. అది గాల్లో తిరిగి తిరిగి, కడ్డీ దగ్గరికి చేరే సమయానికి నోరు తెరుచుకుని ఉండాలి. కొందరిది ఒకటింబావు తిప్పు, కొందరిది ఒకటీ ముప్పావు. పెద్దాయనది ఒకటింబావు. సరిగ్గా ఒకటింబావు చుట్టు, నలభయ్యేళ్ళుగా అదే. మా అమ్మ దోసె తిరగేసే తీరు గుర్తొచ్చేది.

ఆటకి ముందు ఒక గంట పని ఉండేది, దాని గురించి చెప్పాలి. గుంటల్లో ఉండేది మామూలు మట్టి కాదు, నీలి బంకమట్టి. రాత్రిళ్ళు తడిగోనె కప్పి పైన చెక్కమూత పెట్టేవాళ్ళు. సాయంత్రం మూతలు తీసి, నీళ్ళు చిలకరించి, పారతో తిరగేసి, మళ్ళీ చదును చెయ్యాలి. మట్టి ఆరితే నాడా ఎగిరి ఎక్కడికో పోతుంది. పదునుగా ఉంటే పడ్డచోట 'చప్'మని కూరుకుని కదలకుండా ఉంటుంది. ఎంత పదును? పెద్దాయన బొటనవేలు గుచ్చి చూసి తలాడించేవాడు, అంతే, చెప్పడం తెలీదు. నా లెక్క నేను కట్టుకున్నాను. చపాతీ పిండికన్నా జారుగా, గారెల పిండికన్నా గట్టిగా. ఆ వేసవిలో ఆ ఆరు జతల గుంటల్ని పిసికే పని మెల్లగా నాది అయిపోయింది. ఆట రానివాడికి అదే పదవి.

*

కళ్ళు లేకపోయినా పెద్దాయన దేనికీ ఎవర్నీ అడిగేవాడు కాదు. చెవులతో ఆడేవాడు. టంగ్‌మని వెంటనే గిర్రున తిరిగిన చప్పుడొస్తే రింగర్. ఉత్త టంగ్ ఒక్కటే అయితే కడ్డీకి తగిలి ఎగిరిపోయినట్టు. టంగ్ లేకుండా చప్ అంటే దగ్గరెక్కడో పడింది. ఎంత దగ్గరో వెళ్ళి వేళ్ళతో చూసేవాడు. మోకాళ్ళ మీద కూర్చుని, కడ్డీకి ఆనించి నాలుగు వేళ్ళు, వాటి పక్కన మళ్ళీ మూడు వేళ్ళు. అవి ఆయన ఆరంగుళాలు. ఏడు వేళ్ళ లోపల నాడా తగిలితే పాయింటు. ఎవరి దగ్గరైనా కొలబద్ద ఉన్నా తీసేవాళ్ళు కాదు. ఆ వేళ్ళ మాటే మాట.

ఈ చెవుల సంగతి నాకు కొత్త కాదు. మా తాతయ్య ఊళ్ళో ఏడాదికోసారి నాడాల సాయిబు వచ్చేవాడు. ఎద్దుని తాళ్ళేసి పడుకోబెట్టి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టి, కర్ర ఊతమిచ్చి గిట్టలు పైకెత్తేవాళ్ళు. గిట్టల్ని చెక్కి, నాడా ఆనించి, మేకులు దిగ్గొట్టేవాడు. మేకుల డబ్బా పట్టుకోవడం నా వంతు. తాతయ్య దగ్గరికొచ్చేవాడు కాదు. అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ అక్కణ్ణుంచే, "సాయిబూ, అది వంకరపోయింది, తియ్" అనేవాడు. తీసి చూస్తే నిజంగానే వంకర. సుత్తి చప్పుడులో తెలిసేది ఆయనకి.

ఇదంతా పెద్దాయనకి చెప్పాను, ఒక సాయంత్రం మట్టి తిరగేస్తూ. ఎద్దుకి కాలికి రెండేసి నాడాలు ఉంటాయంటే నమ్మలేదు. వాళ్ళ నాన్న కాలం దాకా వాళ్ళది గుర్రాల సేద్యం, ఎద్దుల సంగతి తెలీదు. గుంటలో మట్టి చదును చేసి వేలితో ఎద్దు గిట్ట గీశాను, మధ్యలో చీలిక, అటొక ముక్క, ఇటొక ముక్క. ఆయన వంగి, పక్కకి తిరిగి కంటి అంచుతో చూసి, అది చాలక గీతల మీద వేలు పోనిచ్చాడు. "అయితే ఒక ఎద్దుకి ఎనిమిదా?" అన్నాడు. అవునన్నాను. "రెండెడ్లకి పదహారు." కాసేపాగి, "మీ తాత ఖర్చు మనిషే" అన్నాడు.

ఆ ఆటకి తన రాష్ట్రమే పుట్టిల్లన్నట్టు మాట్లాడేవాడు. కాన్సస్‌లో మొదటిసారి ప్రపంచ పోటీ అని పెడితే గెలిచిన ఫ్రాంక్ జాక్సన్ అయోవా వాడేనట, దక్షిణాన కెల్లర్టన్ అనే ఊరు. పెద్ద బుష్ 1989లో వైట్‌హౌస్ తోటలో నాడాల గుంటలు తవ్వించిన సంగతి వారానికి ఒక్కసారైనా వినేవాణ్ణి. అలన్ ఫ్రాన్సిస్ అనే ఆటగాడు నూరు విసిరితే ఎనభైకి పైగా రింగర్లేనని చెప్పి, "వాడికి ఆట కాదది, ఉద్యోగం" అనేవాడు. అందులో కొంచెం అసూయ ఉండేదనుకుంటాను. ఆ తరవాత ఆ ఫ్రాన్సిస్ ఇరవైకి పైగా ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు.

*

టోర్నమెంటు ఆ ఊరి వేసవి పండగ శనివారం నాడు. అందులో ఆడేది పాతికమంది. మొదటి బహుమతి అరచేతి ఎత్తు ట్రోఫీ, దాంతోపాటు ఒక హాము, అంటే పంది తొడ మాంసం. నాలాంటివాడు గెలిస్తే ఆ హాముతో ఏం చెయ్యాలా అని మా పాత తెలుగు రూమ్మేట్లు ఫోన్లో తెగ నవ్వుకున్నారు. నేను ఆడటం లేదని చెప్పినా వినలేదు.

తెల్లవారకముందే వాన మొదలైంది. మొక్కజొన్న ఆకుల మీద పడే వాన చప్పుడు ఎప్పుడైనా విన్నారా? మైళ్ళ కొద్దీ చేను, అన్ని ఆకుల మీదా ఒక్కసారే. దూరాన రైలు వంతెన దాటుతున్నట్టుంటుంది, ఎంతసేపటికీ దాటదు. ఆపేస్తారా అని అడిగాను. "ఉరిమితే ఆపుతాం. వానకి కాదు" అన్నాడు. పన్నెండు ఇనప కడ్డీలు పాతుకున్న జాగాలో అది తెలివైన రూలే.

గుంటలన్నీ చెరువులు. ఖాళీ కాఫీ డబ్బాలతో నీళ్ళు తోడాం, పాత తువ్వాళ్ళు ముంచి పిండాం. తోడేకొద్దీ ఊరుతున్నాయి. నేను అంత జాగ్రత్తగా పదును చేసిన మట్టి గంజిలా అయిపోయింది. ఏడుపొచ్చినంత పనైంది నాకు. అందరి బెల్టులకీ తువ్వాళ్ళు వేలాడుతున్నాయి. నాడా తియ్యడం, తుడవడం, విసరడం, మళ్ళీ తియ్యడం. వంగలేని ముసలాళ్ళు కొక్కెం కర్రలతో లాగుతుంటే ఒక్కో నాడా వెంట అరకిలో బురద వచ్చేది. పక్కన నిలబడ్డవాళ్ళ ప్యాంట్ల మీద మోకాళ్ళ దాకా చుక్కలు. స్కోరు రాసే పిల్లాడి కాగితం తడిసి చిరిగిపోతే, ఫైర్ స్టేషన్ నుంచి ఒక పలకా సుద్దా తెచ్చారు.

పెద్దాయన మొదటి ఆట ఓడిపోయాడు. రెండో ఆటలో ఎదుటి మనిషి పదహారేళ్ళ పిల్ల. పళ్ళకి క్లిప్పులు, రెండు జడలు, అవి తడిసి తాళ్ళలా ఉన్నాయి. రెండు సార్లు విసిరాక పెద్దాయన ఆగిపోయాడు. ఎప్పుడూ ఎండలో తెల్లరంగు వేసిన కడ్డీ ఆయన కంటి అంచుకి అందేది. ఇవాళ ఆకాశం, పలక, కడ్డీ, అన్నీ ఒకటే బూడిదరంగు. పైగా రేకుల షెడ్డు మీద వాన మోతకి చెవులూ పనిచెయ్యడం లేదు. నా వైపు, అంటే నా చెవి వైపు తిరిగి, "కిడ్, నీ కోటు కనిపిస్తోంది" అన్నాడు.

వాల్‌మార్ట్‌లో ఏడు డాలర్లకి కొన్న పసుపు రంగు రెయిన్‌కోటు అది. అటు చివర పలక వెనక, కడ్డీకి సరిగ్గా సూటిగా నిలబడమన్నాడు. జడ్జి ఆ ఊరి ఫైర్ చీఫ్. ఒప్పుకుంటావా అని ఆ పిల్లని అడిగాడు. ఆ పిల్ల భుజాలెగరేసి సరేనంది. రూల్ పుస్తకంలో పసుపు కోటు గురించి ఏమీ లేదని చీఫ్ తేల్చేశాడు.

వెళ్ళి నిలబడ్డాను. కిలో బరువున్న ఇనుము, చూపులేని మనిషి చేతిలోంచి, నన్నే గురిపెట్టి వస్తుంది. మొదటిది వచ్చినప్పుడు కళ్ళు మూసేసుకున్నాను. టంగ్. గిర్ర్. బురద నా మొహం మీద. రింగర్! అని ఎంత గట్టిగా అరిచానో నాకే తెలీదు.

వాళ్ళిద్దరూ ఈ చివరికి నడిచొస్తుంటే నేను ఆ చివరికి పరిగెత్తాలి. అలా ఎన్నిసార్లు తిరిగానో. విసరగానే ఏం పడిందో నేనే అరిచి చెప్పాలి, ఆయనకి వినపడదు కాబట్టి. రింగర్. ఏమీలేదు. వన్. డెడ్. నా జన్మలో అంత శ్రద్ధగా చేసిన ఉద్యోగం లేదు. ఆట నలభై పాయింట్లకి. ఇద్దరూ ముప్పై దాటారు, ఆ పిల్ల కాస్త ముందుంది. అప్పుడు ఆ పిల్ల రెండూ జారి గడ్డిలోకి పోయాయి. పెద్దాయన మొదటిదీ పోయింది. రెండోది చప్‌మని కడ్డీకి ఎడమగా పడింది.

చూశాను. ఆరంగుళాలకి అటూ ఇటూ. నిజం చెప్పాలంటే, ఇటు కాదు అటేనని నాకు తెలుసు. నెలల తరబడి ఆ మట్టిలో చేతులు పెట్టినవాణ్ణి, ఆరంగుళాలంటే ఎంతో కంటికి తెలిసిపోతుంది. "వన్!" అని అరిచాను.

ఆ పిల్ల నడుచుకుంటూ వచ్చి నాడా చూసింది. నన్ను చూసింది. జేబులోంచి కొలబద్ద సగం తీసి, మళ్ళీ లోపలికి తోసేసింది. స్కోరు పిల్లాడు సుద్ద ఎత్తాడు. పెద్దాయన మాత్రం ఆగలేదు. వచ్చి, ఆ నీళ్ళల్లో మోకాళ్ళ మీద కూర్చుని, కడ్డీని వెతుక్కుని, నాలుగు వేళ్ళు ఆనించాడు. వాటి పక్కన మూడు. మూడో వేలికీ నాడాకీ మధ్య చిటికెనవేలు పట్టేంత సందు. ఆ చిటికెనవేలు అందులో పెట్టి రెండుసార్లు కదిలించాడు. లేచి ప్యాంటుకి చెయ్యి తుడుచుకుని, "లేదు" అన్నాడు, పిల్లాడితో. నాతో కాదు.

ఇంకో రెండు విసుర్లకి ఉరిమింది. అందర్నీ షెడ్లోకి తోలేశారు. తరవాత తెరిపిచ్చాక ఆట పూర్తిచేశారు. ఆ పిల్లే గెలిచింది. హాము వేరే ఎవరికో వెళ్ళింది. షెడ్లో ఉన్నంతసేపూ వెన్న పూసి ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు పంచారు. నిప్పుల మీద కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దుకోవాల్సిన పొత్తుల్ని అలా పాడుచెయ్యడం నేను ఇప్పటికీ క్షమించలేదు. పెద్దాయన నా పక్కనే కూర్చుని తిన్నాడు. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. ఇంటికి ఆయన ట్రక్కు నేనే తోలాను. గుమ్మం దగ్గర దిగుతూ, "రేపు ఎండొస్తే మట్టి తిరగెయ్యాలి. ఆరుకి" అన్నాడు.

ఆరుకి వెళ్ళాను.

*

జనవరి ఒకటి వచ్చింది, ప్రపంచం మునిగిపోలేదు, నా ప్రాజెక్టు అయిపోయింది. అందర్లాగే న్యూజెర్సీ వెళ్ళిపోయాను. బయల్దేరే రోజు గుంటల మీద మోకాల్లోతు మంచు. పెద్దాయన పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఒక జత నాడాలిచ్చాడు. అంచులు చేతికి గీరుకోకుండా ఆకురాయితో అరగదీసి ఉన్నాయి.

ఏళ్ళ తరవాత ఆ దారిన పోతూ ఆగాను. ఫైర్ స్టేషన్ వెనక కార్లు ఆపుకునే జాగా చేశారు. పక్కన గడ్డిలో ఏటవాలు చెక్కలు పెట్టి, వాటి కన్నాల్లోకి గింజల సంచులు విసురుతున్నారు కుర్రాళ్ళు. ఇప్పుడు అక్కడ ఎక్కడ చూసినా ఆ ఆటే. సరదాగానే ఉంటుంది, కాదనను. మట్టి అక్కర్లేదు, బరువు లేదు, చప్పుడూ లేదు. పెద్దాయన గురించి పెట్రోలు బంకులో అడిగితే రెండు చలికాలాల కిందట పోయాడని చెప్పారు.

ఆ జత నాడాల్ని మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు మా అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. జట్కాగుర్రం నాడా చూసిన మనిషి. "ఇంత కాలున్న గుర్రం ఏ దేశంలో ఉందిరా?" అంది. గుర్రం లేదమ్మా, ఆటకి చేసిందని చెప్పినా వినకుండా పసుపు రాసి, బొట్టు పెట్టి, వీధి గుమ్మానికి కొట్టించింది. రెండోది పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడతాం.

మొన్న వినాయకుడితోపాటు ఒక ముద్ద మట్టి కూడా అడిగి తెచ్చుకున్నాను. పెరట్లో పీట మీద దాన్ని పరిచి, మధ్యలో ఒక స్క్రూడ్రైవరు గుచ్చి, తలుపు దగ్గర నాడా తీసి పక్కన పడేశాను. చప్. నాలుగు వేళ్ళు ఆనించాను. వాటి పక్కన మూడు.

"రేపు పూజ పెట్టుకుని ఆ ఇనుమేంటి, ఆ మట్టేంటి?" అంది మా ఆవిడ వెనకనుంచి. "చేతులు కడుక్కుని మళ్ళీ ఓసారి బజారెళ్ళి రండి. పత్రిలో మాచీపత్రం లేదు."